మెట్ల మీది మంచు

తెల్లవారినప్పటి నుంచీ మాంట్రియల్ మీద మంచు కురుస్తూనే ఉంది. మేడ మీద అద్దెకుండే ముసలామె బఠానీ సూప్ కలుపుతుండగా కింద ఉండే ఇంటాయన పైకొచ్చాడు.

"ఇంటిని వాటాలు చేసి అమ్మితే సర్కారు సాయం చేస్తుందట. దానికి అద్దెకున్నవాళ్ల ఒప్పుదల ఉండాలి, నీ సంతకం కావాలి."

"పెడతాను. నేనుండే వాటా నాకే అమ్ము."

"ఈ వయసులో నువ్వు కొంటావా?"

"ఇంట్లో అద్దెకుంటున్నవాళ్లు కొంటేనే ఆ సాయం. బ్యాంకులో మాట్లాడొచ్చాను."

"కుదరదంటే?"

"నేను సంతకం పెట్టను, ఇక్కణ్ణుంచి కదలను. అద్దె తీసుకుంటూ కూర్చో."

అతను నవ్వేశాడు. "గట్టిదానివే. సరే, నీకే."

"ఇంకోటి. ఇన్నేళ్లూ బయటి మెట్ల మీద మంచు నేనే ఎత్తాను. ఇక ఆ మెట్లు ఇద్దరివీ."

"పార ఎక్కడుంది?"

"తలుపు వెనక. నువ్వెప్పుడు చూశావులే."

మెట్లు శుభ్రం చేసి అతను తిరిగొచ్చేసరికి బల్ల మీద రెండు గిన్నెలున్నాయి. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు.