వెలివాడి గడప

హలో… ఆ, నేనే. నీ చెల్లెలి మొగుణ్ణే. నా నెంబరు ఇంకా చెరిపెయ్యలేదన్నమాట బావా!

…

ఉంది. నీ కూతురు ఇక్కడే ఉంది. దాచడమెందుకు? పొద్దున్నే వచ్చింది. చేతిలో ఒక సంచీ, కాళ్లకి రెండు రకాల చెప్పులు. అంత కంగారుగా వచ్చింది.

…

ఏం చేస్తుంది? లోపలి గదిలో లాడ్జి దుప్పట్లు మడతపెడుతోంది. నేను పెట్టమనలేదు. వద్దన్నా వినదు. ఊరికే కూర్చోలేనంటోంది. ఎంతైనా ఉతికేవాళ్ల పిల్ల, మడత బాగా కుదిరింది.

…

అరవకు. నాకు చెముడు లేదు.

…

పంపను.

…

పంపనన్నానా లేదా? ఎన్నిసార్లడిగినా అదే మాట.

…

నరుకుతావా? నరుకు. దాన్నీ నన్నూ కలిపే నరుకు, నీకు శ్రమ తగ్గుతుంది. కానీ నరకాలంటే ముందు లోపలికి రావాలిగా?

…

ఆ, చూశాను. వచ్చారు నువ్వు పంపినవాళ్లు. ఇందాకటి నుంచీ మెట్టు కిందే నిలబడ్డారు. ఒకడు నీ కారు నడిపేవాడు. రెండోవాడు మీ తమ్ముడి కొడుకు, బక్కోడు. ఎండకి ముఖాలు మాడిపోయాయి పాపం.

…

నన్నడుగుతావేం ఎందుకు రావట్లేదని! తలుపు బార్లా తీసే ఉంది. ఇస్త్రీ కొట్టుకి తలుపెవడు మూస్తాడు? ఉండు, అడుగుతాను… ఒరేయ్ బక్కోడా! మీ పెదనాన్న ఫోన్‌లో ఉన్నాడు. లోపలికొచ్చి మీ అక్కని జుట్టు పట్టుకుని లాక్కురమ్మంటున్నాడు. వస్తావా? రా. వచ్చే నెల నీ పెళ్లి కదరా, పిల్లనిచ్చేవాళ్లకి ముందే చెప్పి రా, వెలివాడి గడప తొక్కాడని…

విన్నావా బావా? రెండడుగులు వెనక్కేశాడు. నేల చూస్తున్నాడు.

…

వాళ్లనెందుకు తిడతావు? వాళ్లు నీ మాట మీదే నిలబడ్డారు. కట్టుబాటు పెట్టిందెవరు? నేనా? కులాన్ని కూర్చోబెట్టి, మధ్యలో కుర్చీ వేయించుకుని, ఎవరన్నారు? వీడి కొడుకు చెప్పులు కుట్టేవాళ్ల పిల్లని చేసుకున్నాడు కాబట్టి వీడి ఇల్లు వెలి, వీడికి నిప్పూ నీళ్లూ ఇవ్వకూడదు, వీడి గడప తొక్కినవాడూ వెలే అని… నువ్వు కాదూ?

…

అవును. అందుకే వచ్చింది. అది నీకంటే తెలివైంది. నీ అన్నదమ్ములిళ్లు ఇన్ని ఉన్నాయి, నీ వియ్యాలవాళ్లిళ్లు ఉన్నాయి, అన్నీ వదిలేసి నా ఇంటికే ఎందుకొచ్చింది? మనవాడన్నవాడు అడుగు పెట్టలేని ఇల్లు ఇదొక్కటే. నువ్వు కట్టిన గోడే బావా. నీ కూతురు దాని చాటున కూర్చుంది, అంతే.

…

ఒక్క క్షణం. ఇస్త్రీ పెట్టె కాలిపోతోంది… ఆ, చెప్పు. చొక్కా ఒకటి మాడ్చాను నీ ధర్మమా అని.

…

నీ కూతురు చేసుకోబోయే కుర్రాడి సంగతి నాకూ తెలుసు. లిఫ్టులు బాగుచేస్తాడు. అమ్మ వీధులు ఊడ్చింది, అమ్మమ్మ దొడ్లు కడిగింది. అయితే? సాయంత్రం తోటి పనివాళ్లని వెంటబెట్టుకుని వస్తాడు. ఇద్దర్నీ పెళ్లి రాయించే ఆఫీసుకి తీసుకెళ్తారు. అందాకా ఇది ఇక్కణ్ణించి కదలదు. సాయంత్రం వరకే నా పూచీ.

…

హీనమా? ఆ మాట నువ్వంటున్నావా! మీ నాన్న పెద్దిళ్ల ముందు చెప్పులు చంకలో పెట్టుకుని నిలబడలేదూ? ‘ఒరేయ్ చాకలోడా’ అని ఆయన్ని పిలిచిన పిల్లవాడికి మూతి మీద మీసం కూడా లేదు. ఇంటికొచ్చి, ముఖం గోడకి తిప్పుకుని పడుకున్నాడు. నువ్వే చెప్పావు నాకు, ఏడుస్తూ. వాళ్లకి మనం హీనం. మనకి వీళ్లు హీనం. వీళ్లు ఇంకెవణ్ణో వెతుక్కుంటారు. అడుగున ఉన్నవాడికి మాత్రం నేల తప్ప ఏమీ మిగలదు.

…

నేను మేధావినేం కాదు. ఊరి బడిలో చదివినవాణ్ణి. నాకు కనిపించిందే చెప్తున్నాను.

…

అదీ అసలు మాట! మావాడు నీకు అల్లుడు కాలేదని. నీ కూతుర్ని, చిట్టిని, చేసుకోలేదని. ఆ మంట కడుపులో పెట్టుకుని పైకి కులం పేరు చెప్పావు. ఇప్పుడా చిట్టినే నరుకుతానంటున్నావు.

…

ఏంటీ?

…

ఎవరు, నువ్వా? వెలి తీసేస్తావా? ఇప్పుడే? ఫోన్‌లోనే?

…

నీ ఒక్కడి నోటి మాటతో పెట్టినది కాదు, నీ ఒక్కడి నోటి మాటతో పోదు. మళ్లీ కులం కూర్చోవాలి. నువ్వే అన్నావు ఆ రోజు. కూర్చోబెట్టు మరి. ‘ఎందుకయ్యా తియ్యడం’ అని అడుగుతారు. ఏం చెప్తావు? నా కూతురు వాడింట్లో ఉంది, లాక్కురావాలి, కాస్త దారివ్వండి అంటావా? చెప్పు, నేనూ వచ్చి వింటాను. దూరంగా నిలబడే వింటాలే.

…

ఆ మాట ఎత్తకు.

…

ఎత్తకు బావా. చచ్చిన నీ చెల్లెలి పేరు తేకు మధ్యలోకి.

…

ఏమన్నావ్… ఇంకోసారి చెప్పు.

…

కులం అందర్నీ తీసుకొచ్చి… దాని సమాధి దగ్గరికా? నీ చేత్తో నువ్వు మట్టి వేస్తావా?

…

లేదు, ఉన్నాను. లైన్లోనే ఉన్నాను. కాస్త ఆగు.

…

నీకు తెలుసా… రోజూ అడిగేది. ‘అన్నయ్య వచ్చాడా?’ అని. నీళ్లు కూడా దిగడం లేదు, అయినా అడిగేది. వస్తాడులే అని అబద్ధం చెప్పేవాణ్ణి. జీవితంలో నేను దానితో ఆడిన అబద్ధం అదొక్కటే అనుకుంటా. వాకిలి వైపు చూస్తూనే పోయింది. రెప్పలు మూయడానికి నేను పడిన అవస్థ… వద్దులే.

…

వచ్చావు. అవును, వచ్చావు. మందుల కొట్టు పక్కన లారీ చాటున నిలబడ్డావు. చూడలేదనుకున్నావేమో. పాడె మోసిందెవరో కూడా చూశావుగా? నా వియ్యంకుడు, ఆయన తమ్ముళ్లు. చెప్పులు కుట్టేవాళ్లు. నీ చెల్లెల్ని మోయడానికి భుజం మార్చుకోవడానికి కూడా మనిషి లేడు. ఊరందరి మైలా ఉతికినవాళ్లం మనం. దాని శవం మాత్రం మీకు మైలయింది.

…

వద్దు.

…

వద్దన్నాను! ఇప్పుడు నీ చెయ్యి దాని మట్టి మీద పడకూడదు. బతికున్న మేనకోడల్ని అమ్మి, చచ్చిన అత్తకి అన్నని కొనిపెట్టనా? ఆ బేరం నాకొద్దు. నీ కులం నీ దగ్గరే ఉంచుకో. నా వెలి నాకు చాలు.

…

ఎక్కడున్నావ్? హారను వినిపిస్తోంది… నీ ఫోన్లోనూ, వీధిలోనూ.

…

ఓహో. నువ్వే వచ్చావా.

…

కనిపిస్తున్నావు. చిక్కిపోయావే. జుట్టుకి రంగు వెయ్యడం కూడా మానేశావా?… చిట్టీ, నువ్వు లోపలే ఉండు. తొంగిచూడకు.

…

మెట్టు దాకా వచ్చి, ఎదురుగా నిలబడి, ఇంకా ఫోన్లోనేనా మాట్లాడేది? ఆ, నిజమే. వెలివాడితో ముఖాముఖి మాట్లాడకూడదు. ఫోన్‌కి కట్టుబాటు పెట్టడం మరిచిపోయారు మీరు.

…

అది రాదు. వాళ్లమ్మ అన్నం ముట్టలేదంటే నేనేం చెయ్యను? దానికి చెప్తాను. కానీ బయటికి రాదు. కావాలంటే నువ్వే రా.

…

నరకనని ఒట్టు వేస్తున్నావా? నీ ఒట్టు నాకెందుకు! రా లోపలికి. కూతురి పక్కన కూర్చో. నీ చేతిలో ఏమీ లేదు, కనిపిస్తూనే ఉంది. నేను అడ్డం రాను. ఇదిగో, పక్కకి జరిగాను. గడప ఇది, ఇవతల నేను, ఆ వెనక నీ కూతురు.

…

వాళ్లిద్దరివైపూ చూస్తావేం? వాళ్లు చూస్తారు. చూసింది చెప్తారు కూడా. నువ్వు పంపినవాళ్లేగా.

…

ఆ… మెట్టెక్కావు. రా.

…

బావా.

…

కాలెత్తావు. పెట్టు. పెట్టు బావా, ఇంత దూరం వచ్చావు… గడప ఎత్తేం లేదు…

…

హలో?… హలో?

…

కట్ చేశాడమ్మా. లేదు, రాలేదు. అదిగో కారు తిప్పుతున్నాడు. బక్కోడు కూడా ఎక్కాడు.

అయ్యో, ఏడుస్తావేమే? రాకూడదనే కదా పొద్దుట్నించీ దణ్ణాలు పెట్టావు!