షాఫ్టు మీద పసుపు

"అమ్మమ్మా, ముట్టుకోకు! వట్టి చేత్తో ముట్టుకుంటే దానికి కోటింగ్ పట్టదు. ఎందుకో తెలుసా నీకు?"

ముట్టుకోన్లేవే తల్లీ, ఆ డబ్బాలోనే ఉంచు. ఎందుకో తెలుసా అని నన్నే అడుగుతున్నావా? నువ్వు ఇంజినీరింగ్ మూడో ఏడులో నేర్చుకున్నావేమో, నేను పెళ్లయిన నాలుగో ఏడే నేర్చుకున్నా, అదీ పరువు పోగొట్టుకుని. కూర్చో. ఆ ఫ్యాను కాస్త తగ్గించు, నా మాట వినపడదు. ఏదీ, డబ్బా ఇటు తిప్పు. ఆఁ, గరుగ్గా ఉంది, ఇసుక కొట్టించారు కదూ. మంచి బూడిద రంగొచ్చింది. ఇంత ముక్కకి కోటింగ్ వేయించడానికి హైదరాబాదు దాకా పోవాలా? రేపు పొద్దున్నే బస్సా? సరే సరే.

మీ తాతయ్యకి ఆటోనగర్లో షెడ్డుండేది, తెలుసుగా. నువ్వు చూళ్లేదు, మీ అమ్మ చూసింది. ఇనుముని తిప్పి చెక్కే లేతులు రెండు, గాలికి ఒక కంప్రెసరు, ఒక గన్ను. గన్నంటే కాల్చేది కాదు... కాల్చేదే అనుకో ఒక రకంగా. వెనకనుంచి స్టీలు వైరు లోపలికి పోతుంటది, ముందు గ్యాసు మంట. ఆ మంటలో వైరు కరగ్గానే గాలి దాన్ని తుంపర్లుగా కొట్టుద్ది. లేతు మీద షాఫ్టు తిరుగుతుంటే జానెడు దూరంనుంచి ఆ తుంపర పడి, పొర మీద పొర, పొర మీద పొర, అరిగిపోయిన ఇనుము మళ్లీ ఒళ్లు చేసేది. నాకు భలే వింతగా ఉండేది. మా నాన్నది కూచిపూడి దగ్గర వ్యవసాయం. అరిగిన నాగలి కర్రుకి కమ్మరి ముక్క అతకడం చూశా గానీ, ఇనుముని పిచికారీ కొట్టడం ఎక్కడ చూస్తాం చెప్పు?

వెల్డింగుతో నింపచ్చు కదండీ అని అడిగేదాన్ని. ఆ వేడికి షాఫ్టు వంకరపోద్దే, ఇదైతే అంత వేడెక్కదు అనేవారు. వేడెక్కకపోతే ఎలా అంటుకుంటదండీ అనేదాన్ని. ఆ గరుకులోకి పోయి కరుచుకుంటది అనేవారు. ఇంకో ప్రశ్న వేశానంటే విసుగొచ్చి, పో, బాషా అన్నయ్యనడుగు అనేవారు.

బాషా అన్నయ్యంటే మా షెడ్డులో ఇసుక కొట్టే ఆయన. మీ తాతయ్యకంటే పదేళ్లు పెద్ద. చల్లపల్లి మనిషి... కాదు కాదు, చల్లపల్లి వాళ్లావిడది, ఆయనది పటమటే. ఇసుక ఎండబెట్టి, జల్లించి, గొట్టంలోంచి గాలితో, ఇనుము గరుకెక్కేలా కొట్టేవాడు. కొట్టాక దాని మీద ఈగని వాలనిచ్చేవాడు కాదు. పని మీద మాటొస్తే మాత్రం పడడు.

మా షెడ్డుకి ఒక పద్ధతుండేది. పెద్ద పని ఏదొచ్చినా, బండి దిగ్గానే నేను దానికి పసుపు రాసి బొట్టు పెట్టాలి. ఆ జిడ్డు షాఫ్టు మీదే. తర్వాత ఎలాగూ కడుగుతారు, తోముతారు, ఇసుక కొడతారు, కాబట్టి నా పసుపు వల్ల నష్టమేం లేదు. అది నాకు తెలీదుగా! నేను బొట్టు పెట్టబట్టే పని నిలుస్తుందనుకునేదాన్ని.

ఒకసారి బందరు వైపునుంచి సత్తియ్య అని ఒకాయన తన మర పడవ షాఫ్టు తెచ్చాడు, వెనక రెక్కని తిప్పేది. చేపల వేట మంచి ఊపులో ఉంది, ఊళ్లో పడవలన్నీ నీళ్లలో ఉన్నాయి, నాదొక్కటే ఒడ్డున పడుందండీ అని పాపం షెడ్డు బయటే బెంచీ మీద కూర్చున్నాడు. ఆ షాఫ్టు దిగిన రోజు నేను లేను. గన్నవరంలో మా పెదనాన్న కూతురికి సీమంతం. ఏం సీమంతంలే, గాజులు కూడా సరిపోలా, అదొక కథ. మర్నాడు మధ్యాహ్నం వచ్చా. చూస్తే షాఫ్టు లేతు ఎక్కేసి ఉంది, ఇసుక కూడా కొట్టేశారు. వీళ్లేమో బయట గ్యాసు సిలిండరు మారుస్తున్నారు. అయ్యో, బొట్టు లేకుండానే మొదలెట్టేశారా అనుకున్నా. మీ అమ్మ పసిపిల్ల అప్పుడు, దానికి ఒళ్లంతా నూనె రాసి అలాగే చంకనేసుకొచ్చా. ఆ చేత్తోనే పసుపు తడిపి మూడు వేళ్లతో రాశా. కుంకుమ పెట్టబోయి, వద్దులే, తిరిగేటప్పుడు చిందుద్ది, ఈయన తిడతారు అనుకున్నా. ఆ పసుపు కూడా, దేవుడు చూశాడుగా, చాలు, అని కొంగుతో తుడిచేశా. అంత తెలివి నాది!

సాయంత్రానికి గన్ను కొట్టడం అయింది. ఎంత బాగా వచ్చిందనీ! మర్నాడు చల్లారిన షాఫ్టుని లేతు మీద సైజుకి చెక్కుతుంటే, రెండో కోతకే టప్పుమని ఒకచోట పెచ్చు లేచింది, పాత గోడ సున్నంలాగా. మీ తాతయ్య ముఖం నల్లబడింది. సత్తియ్య బెంచీ మీంచి లేచి నించున్నాడు. ఆయనెదురుగానే మీ తాతయ్య, "ఇసుక తడిగా ఉంది, సరిగ్గా కొట్టలా" అనేశారు. బాషా అన్నయ్య ఒక్క మాటే అన్నాడు. "ఇరవై ఏళ్లలో నేను కొట్టిందాని మీద పెచ్చు లేవలేదయ్యా. లేచిందంటున్నావు కాబట్టి ఇంక నాకిక్కడ పని లేదు." మేకుకున్న చొక్కా తీసుకుని, క్యారేజీ పట్టుకుని వెళ్లిపోయాడు.

నాకేమో, చూడు నా బుద్ధి, ఇంత గొడవలోనూ అదెందుకు లేచిందో చూడాలని! కిందపడిన పెచ్చు తీసి తిరగేశా. లోపలివైపు ఇసుక గరుకంతా అచ్చు పడినట్టుంది. ఒక్కచోట మాత్రం నున్నగా ఉంది, అంచున మాడిన మరక. మూడు చారలు. నా మూడు వేళ్ల గుర్తే! అయినా పసుపే అని నమ్మకమేంటి? తమలపాకుల డబ్బాలోంచి కాస్త తడి సున్నం తీసి ఆ మరక మీద రాశా. పసుపుకి సున్నం తగిల్తే ఏమవుద్దే? ఆఁ, ఎర్రబడింది! పారాణి ఎరుపు.

అబద్ధమెందుకు, దాన్ని కాలవలో పారేద్దామా అనిపించింది. ఎవరికీ తెలీదు. బాషా అన్నయ్య ఇంకో షెడ్డులో చేరతాడు, పనిమంతుడు, ఎవరైనా కళ్లకద్దుకుంటారు. కానీ చెయ్యని తప్పు మోసుకుని చేరతాడు కదా? ఆ షెడ్డులోనూ ఎవరో ఒకరు, అక్కడ పెచ్చు లేచిందట కదా అంటారు కదా? అది తల్చుకుంటే నాకు ఏడుపొచ్చింది.

ఆ పూటంతా కొంగున దాచి, మధ్యాహ్నానికి మీ తాతయ్యకి చూపించా. తిడతారనుకున్నా, తిట్టలా. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "మాట అన్నది నేను, చేసింది నువ్వు. నాకు చెప్తే సరిపోద్దా? పద" అన్నారు. మళ్లీ ఆయనే, "నువ్వు ముందు వెళ్లు, నాకు ముఖం చెల్లట్లేదు" అన్నారు. రిక్షావాడు రెండు రూపాయలడిగితే రూపాయిన్నరకి బేరమాడా. తప్పు ఒప్పుకోడానికి పోతూ కూడా బేరం మానలేదు చూడు!

బాషా అన్నయ్య వాకిట్లో మంచం మీద కూర్చునున్నాడు. వాళ్లావిడ మంచినీళ్లిచ్చింది. పెచ్చు ఆయన చేతిలో పెట్టా. "నేనే అన్నయ్యగారూ, పసుపు రాశా, నూనె చేత్తో" అన్నా. ఆయన కోప్పడతాడనుకుంటే, ఎండలోకి పోయి పెచ్చు వంక చూస్తూ నించున్నాడు. "తుడిచేశావా? తుడిచినా ఇంత పని చేసిందా! ఈ పలచటి పసుపు, ఆ నూనె జిడ్డు గరుకులో చేరి!" అంటాడు. అప్పుడు నా వైపు చూసి, "నా మాట నిలబెట్టావమ్మా" అన్నాడు. కళ్లల్లో నీళ్లు. నేనూ ఏడ్చేశా.

ఆయన షెడ్డుకొచ్చి మొత్తం పొర చెక్కేసి మళ్లీ ఇసుక కొట్టాడు. క్షమించమని మీ తాతయ్య నోరు తెరిచి అన్లేదు, మగాళ్లకి అదొక జబ్బు. అనలేదు గానీ చొక్కా విప్పి ఆ రోజు ఇసుకంతా ఆయనే జల్లించారు. బాషా అన్నయ్య చూసీ చూడనట్టున్నాడు. అయ్యాక నన్ను పిలిచి, "పసుపు మానేయమననమ్మా. ఎక్కడ పెట్టాలో చూపిస్తా" అని షాఫ్టు చివర చూపించాడు, గన్ను తగలని చోటు. అక్కడ పెట్టా. సత్తియ్య మర్నాడే షాఫ్టు తీసుకెళ్లాడు. వారం తిరక్కుండా మాకూ బాషా అన్నయ్య వాళ్లకీ చెరో బుట్టెడు చందువా చేపలు పంపాడు. ఆ ఇగురు రుచి ఇప్పటికీ... సరే, వదిలెయ్.

ఇప్పుడు వైరు కాదంటున్నావుగా, పొడి పోస్తారా? పిండిలాగానా? ఏ మంటకి కరుగుద్ది అది? వచ్చాక అంతా చెప్పాలి నాకు, విసుక్కోకుండా. ఇదిగో, ఒకవేళ అక్కడ పెచ్చు లేచిందనుకో, ముందు నీ చెయ్యి చూసుకో. నీ వేళ్లే అయితే ఎదుటివాడు చొక్కా తీసుకోకముందే చెప్పెయ్. నేను ఒక పూట ఆలస్యం చేశా, అదింకా కలుక్కుమంటుంది.

ఆ డబ్బా మూసెయ్. గట్టిగా మూశావా? మూత మీద పెడతాలే బొట్టు, మూత మీదేగా. ఆఁ, అయింది. నువ్వూ ఇటు రా, నీ నుదుటికి కోటింగేం వెయ్యరుగా. చల్లగా ఉండమ్మా. నువ్వు పెట్టిన ప్రతి పొరా గట్టిగా కరుచుకోవాలి, తల్లీ...