మూడు విజిల్స్

తప్పంత నా ఒక్కదానిదేనా గిరిధరన్నా? కాలనీల బియ్యం సంచుల లిస్టు రాసింది నువ్వు. మా పక్కింటి రాజ్యం టీచర్ పేరు కొట్టేసింది గూడ నువ్వే. నాకు అనిపించింది నీకు జెప్పిన, గంతే!

జర నువ్వే ఆలోచించు. లాక్‌డౌన్ పెట్టి నెల దాటె. మా ఆయన పనిజేసే మల్లాపూర్ కార్ఖానకు తాళం. ఆమె బడికి గూడ తాళమే, జీతం లేదాయె. రేషన్ కార్డు సూస్తే ఆంధ్రల, వాళ్ల ఊరి మీదున్నది. మరి రోజూ పగటిపూట ఆ ఇంట్ల కుక్కర్ మూడు విజిల్స్ ఎట్ల ఏస్తది? గోడ ఇవతల ఉండి విన్న. ఒక్కరోజు తప్పలే!

అనుమానం రాదా మరి? ఉప్పల్ల గూడ ఎవరో సంచులు పంచుతున్నరంటే, ఆడ తెచ్చుకుంటున్నదేమో అనుకున్న. తలుపు ఎప్పుడు సూసినా ఏసే ఉంటది. ఎదురువడితే "తిన్నారా అండీ?" అని నవ్వుతది. ఆకలైనోళ్లు అట్ల నవ్వుతరా, నువ్వే జెప్పు!

గందుకే నీ చెవిల ఏసిన. ఆమె సంచి మిగిలిందని నాకిస్తివి. నేనేమన్న అడిగిన్నా?

సరె, అడిగిన. అట్ల సూడకు.

ఇయ్యాల విజిల్ ఏస్తుండంగనే పోయిన. తోడుకు పెరుగు కావాల్నని సాకు. దొంగను వట్టుకుందామనే పోయిన, దాపెట్టుడెందుకు? ఆమె మూత తీస్తున్నది. లోపల నీళ్లే అన్నా! ఉత్త నీళ్లు!

"నలుగురికీ వినపడాలి కదా, తారామణిగారూ," అన్నది. బిడ్డ ప్రజ్ఞ మూలకు గూసోని, బిస్కెట్ నీళ్లల్ల ముంచుకొని తింటున్నది. నన్ను జూసి గిన్నె కొంగు సాటుకు జరిపింది ఆ తల్లి. పెరుగు అడగకుండనే మర్లొచ్చిన.

ఇగో, సంచిల సగమే ఉన్నయి. నువ్వే ఇచ్చిరా. నా పేరు తియ్యకు.

మిగిలినయా? వండిన. ఎవరియో ఎరికుండే వండిన. పిల్లలకు పెట్టిన, నేను గూడ కడుపునిండ తిన్న.

ఇంకోటి గూడ జెప్తున్న, ఇనిపో. కార్డు మీదొచ్చిన బియ్యం మా ఐదుగురికి ఎన్నొద్దులొస్తయి? మా డబ్బల బియ్యం ఉన్నన్ని దినాలు, ఆమె మీద నాకు ఏ అనుమానం రాలేదన్నా.