తీర్మానంలో నేను చదవని వాక్యం

కృపావరం మాస్టర్ సతీమణి ఎస్తేరమ్మగారికి, పిల్లలకు, వేదిక మీదున్న పెద్దలకు, షూటింగులు ఆపుకుని వచ్చిన ఫైటర్స్ యూనియన్ సోదరులకు, బోరబండ చర్చి నుంచి వచ్చిన సంఘస్థులకు, అందరికీ నమస్కారం.

నా పేరు సత్యనారాయణమూర్తి. రైటర్ మూర్తి అంటేనే మీలో చాలామందికి తెలుస్తుంది. కృపావరం మాస్టర్, నేను ఇంచుమించు ఒకేసారి ఈ ఫిల్మ్ నగర్‌కు వచ్చాం. ఆయన ఫైట్లు కంపోజ్ చేసేవారు, నేను డైలాగులు రాసేవాణ్ని. “నేను కొట్టిస్త, మీరు తిట్టిస్తరు, ఇద్దరం మంచోళ్లమే” అని నవ్వేవారు. ఆ మనిషి ఇక లేరు. పోయిన శుక్రవారం సాయంత్రం బోరబండలో, తను పుట్టి పెరిగినట్టు తిరిగే సందులో, కత్తిపోటు తిన్నారు, ప్రాణం దక్కలేదు.

అయ్యా, అమ్మా, నాకు భయంగా ఉంది. ముందే చెప్పేస్తున్నాను.

దేనికి భయం? ఇదిగో, ఈ కాగితానికి. మన యూనియన్ అధ్యక్షులు చలపతిరావుగారు సంతాప తీర్మానం రాసి, మీరైతే బాగా చదువుతారు మూర్తిగారూ అని నా చేతికిచ్చారు. మొదటి వాక్యం మన దుఃఖం గురించి. రెండో వాక్యం కుటుంబానికి సానుభూతి. మూడో వాక్యం, “హంతకుడు తిరుమలేశ్‌ను జాప్యం లేకుండా ఉరి తీయాలని ఈ సభ డిమాండ్ చేస్తోంది.” చలపతిరావుగారిని నేను తప్పుపట్టను. మాస్టర్ శవపెట్టెను భుజాన మోసినవారాయన. ఆ భుజం నొప్పి ఇంకా తగ్గకముందే రాసిన మాట అది. కానీ నేను లోపలికి వస్తుంటే గుమ్మం దగ్గర మన కుర్రాళ్లే అనుకుంటున్నారు. “ఉరి దాకా ఎందుకన్నా? పోలీసోళ్లు రోడ్డు మీదనే ఖతం చేస్తే అయిపాయె.” చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఒక్కరైనా కాదనలేదు. నేనూ అనలేదు. తల దించుకుని వచ్చేశాను.

ఎవరి పేరు మీద ఉరి అడుగుతున్నాం? అది చెప్పడానికే మీ ముందు నిలబడ్డాను.

మీకందరికీ తెలుసు, మాస్టర్ ఎంతమందిని తెర మీద చంపించారో. మెడలు విరిచారు, మేడల మీంచి తోశారు, బాణాలు దించారు. అలాంటి మనిషి ప్రతి కథకీ నా దగ్గరికొచ్చి ఒకే మాట అడిగేవారు. “రైటర్ గారూ, గీ విలన్‌ని చంపకుంటే కథ అయితలేదా?” నేను విసుక్కునేవాణ్ని. విలన్ చావకపోతే జనం టికెట్ డబ్బులు వెనక్కి అడుగుతారయ్యా అనేవాణ్ని. అప్పుడాయన, “థియేటర్ల చప్పట్లు ఇంటుంటే నాకు గుండె దడదడమంటది. ఆడ పడ్డోడు మా బోరబండ పోరడే గద” అనేవారు. నేను నవ్వేవాణ్ని. ఇవాళ గుమ్మం దగ్గర ఆ తలలూపడం చూశాక, ఆ దడ ఏమిటో నాకు తెలిసొచ్చింది.

మనలో ఒక ఆనవాయితీ ఉంది కదా. చచ్చిపోయే సీను చేసినవాడు కట్ చెప్పగానే లేచి కెమెరా వైపు చూసి నవ్వాలి. మాస్టర్‌కు శకునాల మీద నమ్మకం లేదు, ప్రార్థన మీదే నమ్మకం. అయినా ఆ పని మాత్రం దగ్గరుండి చేయించేవారు. పడినవాడి చంకలో చెయ్యేసి లేపి, “నవ్వు బిడ్డా, నువ్వు బతికే ఉన్నవ్” అనేవారు. మొన్న పెట్టెలో ఆయన ముఖం చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. ఎవరో వచ్చి పక్కకు జరిపారు.

ఇప్పుడు చెప్పబోయేది నేను కథగా రాసుకెళ్తే ఏ నిర్మాతా ఒప్పుకోడు. మరీ కల్పించారండీ అంటాడు. కానీ ఇది జరిగింది, నేను పక్కనే ఉన్నాను.

మల్లమ్మ అని, మన స్టూడియోలో సెట్టింగుల పని చేసేది. కడుపుతో ఉండగా మొగుడు ఓదెలు వదిలేసి పోయాడు. “అన్నా, నన్ను నేనే సాదుకోలేకపోతున్న. ఇంకో ప్రాణాన్ని ఏడ సాదాలె? తీయించుకుంట” అని మాస్టర్ ముందు ఏడ్చింది. ఆయన గట్టిగానే చెప్పారు. కడుపులో ఉన్నది దేవుడిచ్చిన ప్రాణం, తీసే హక్కు మనకు లేదు అన్నారు. నాకు ఒళ్లు మండింది. కడుపు ఆమెది, ఆకలి ఆమెది, చట్టమే ఆమెకు దారి ఇచ్చింది, మధ్యలో నువ్వెవరయ్యా అన్నాను. ఇవాళ కూడా నా అభిప్రాయం అదే. చనిపోయారు కదా అని మార్చి చెప్పను, అలా చెబితే ఆయనే నవ్వుతారు.

కానీ ఆయన్ని మార్చింది నేను కాదు, ఎస్తేరమ్మగారు. ఆవిడ అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “మాట చెప్పి నువ్వు షూటింగ్‌కు పోతవ్. మోసేది ఆమె, కనేది ఆమె. నువ్వేం మోస్తవో ముందుగాల చెప్పు.”

మాస్టర్ ఆ రోజంతా అన్నం ముట్టలేదు. మర్నాడు మల్లమ్మ దగ్గరికి వెళ్లి, “ఉంచుకుంటవో వద్దంటవో నీ ఇష్టం తల్లీ. నా నమ్మకం నీ నెత్తిన పెట్టను. ఉంచుకుంటే మాత్రం సగం బరువు మాది” అన్నారు. ఆమె ఉంచుకుంది. ఆయన మాట తప్పలేదు. గది కిరాయి, పాలు, బడి, జ్వరమొస్తే ఆసుపత్రి, అన్నీ చూశారు. ఒక్కనాడు కూడా ప్రార్థనకు రమ్మని మల్లమ్మను అడగలేదు. ఆమె బోనం ఎత్తితే, పిల్లవాణ్ని ఎత్తుకుని పక్కన నడిచింది ఈయనే.

ఆ పిల్లవాడే తిరుమలేశ్.

అవునండీ. ఆయన భుజాల మీద తిరిగినవాడు, ఆయన దగ్గరే ఫైట్ నేర్చుకున్నవాడు. ఆ శుక్రవారం తాగి, కత్తి పట్టుకుని, పాత తగాదాతో ఎవడి మీదికో పోతుంటే మాస్టర్ మధ్యలోకి వెళ్లారు. షూటింగులో ఎన్నిసార్లు పట్టుకోలేదు ఆ చేతిని? ఈసారీ పట్టుకోవచ్చనుకున్నారు. పట్టుకోలేకపోయారు.

శనివారం నుంచి నాతో ఎంతమంది అన్నారో! “ఆ రోజు తీయించుకోనిచ్చి ఉంటే ఇవాళ మాస్టర్ బతికి ఉండేవాడు కదా” అని. ఆ మాట వెనకాలే ఇంకో మాట నడిచి వస్తోంది. అప్పుడే పోవాల్సినవాడు, ఇప్పుడు పోతే తప్పేమిటి? ఒక మనిషి గురించి ఇంత తేలిగ్గా ఎలా అనేస్తున్నాం? ఎప్పుడు నేర్చుకున్నాం? నేను రాసిన సినిమాలు చూసేనా?

మాస్టర్ నమ్మకం అందరు క్రైస్తవుల నమ్మకమని కూడా నేను చెప్పను. వాళ్ల సంఘంలోనే ఈ విషయాల మీద పెద్ద పెద్ద వాదాలు జరిగేవి, నేను వరండాలో కూర్చుని విన్నాను. గర్భాన్ని తీయడం పాపమే, కానీ హంతకుణ్ని శిక్షించే అధికారం దేవుడే రాజ్యానికిచ్చాడు, ఉరి న్యాయమే అనేవారొక పెద్దాయన. అక్కడే నర్సుగా చేసే ఒకామె, కడుపు సంగతి ఆ తల్లికీ దేవుడికీ మధ్య ఉండాలి, మనం తలుపు బయట ఉందాం అనేది. ముగ్గురూ ఒకే దేవుణ్ని ప్రార్థించేవారు. మాస్టర్ మాత్రం, “చంపొద్దని ఆజ్ఞ ఉంది. ఎవర్ని అని అండ్ల రాసి లేదు. నేను రాయలేను” అనేవారు. పుట్టనివాడికీ, పుట్టి పాడైపోయినవాడికీ ఆయన దగ్గర ఒకటే లెక్క.

అలాగని రాయిలాంటి మనిషా? కాదు. మన డాన్సర్ అమ్మాయికొకసారి గర్భం ప్రాణాల మీదికొచ్చి, తీసేయకపోతే తల్లి బతకదన్నారు డాక్టర్లు. కారు నడుపుకుంటూ ఆసుపత్రికి తీసుకెళ్లింది మాస్టరే. మందిరంలో పెద్దాయన నిలదీస్తే, “బిడ్డ కోసం ఏడుస్త. తల్లిని మాత్రం ఒక్క మాట అనను, ఎవర్నీ అననియ్యను” అని ఊరుకున్నారు. నియమం అంటే ఆయనకు ప్రాణం. మనిషి అంటే ఇంకా ప్రాణం.

ఇక ఇది వినండి. నేను ఈ కాగితానికి భయపడటానికి అసలు కారణం ఇది.

ఆయన పండగకి జైలుకు వెళ్లి ఖైదీలకు కేకులు పంచి వచ్చేవారు. ఒకసారి అలా వచ్చినప్పుడు నేను ఉండబట్టలేక అడిగేశాను. ఊరికే పెద్ద మాటలు చెబుతావు, రేపు నీ ఇంట్లోనే ఎవరినైనా చంపేస్తే? అప్పుడు కూడా ఉరి వద్దంటావా? అన్నాను. కోపమొస్తుందనుకున్నాను. రాలేదు. మిగిలిన కేకుల సంచి కింద పెట్టారు. తర్వాత ఇలా అన్నారు.

“అప్పుడు నేనే ఉరి తియ్యమంటనేమో రైటర్ గారూ. నాకే భయం నా మీద. అందుకే అప్పుడు నన్ను అడగకుండ్రి. ఏడ్చేటోన్ని అడిగి తీర్పు చెప్పొద్దు. ఇప్పుడు అడుగుతున్నరు గద, ఇప్పుడే చెప్తున్న. వద్దు.”

విన్నారా? ఆయన ముందే చెప్పి పెట్టారు. ఏడవని రోజు, నిమ్మళంగా ఉన్న రోజు, మనం ఇవాళ ఇలా కూడతామని తెలియని రోజు చెప్పారు. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ఆటోలో ఎస్తేరమ్మగారితో ఆయన అన్న ఆఖరి మాట కూడా అదే దారిలో ఉంది. “పోరన్ని కొట్టనియ్యకు.” ప్రార్థన కాదు, పిల్లల గురించి కాదు. “పోరన్ని కొట్టనియ్యకు.”

సోదరులారా, నేను సాధువుని కాను. నాకూ వాడు చావాలనే ఉంది. మూడు రాత్రుళ్లుగా కళ్లు మూసుకుంటే అదే కోరిక వస్తోంది, నా మీద నాకే భయం వేస్తోంది. వాడికి శిక్ష పడాలి. ఏళ్లకేళ్లు జైల్లో ఉండాలి. పొద్దున లేవగానే ఏం చేశాడో వాడికి గుర్తు రావాలి. అదంతా కోర్టు చూసుకుంటుంది. కానీ కృపావరం మాస్టర్ సంతకం పెట్టని మాట కింద ఆయన పేరు ఎలా పెట్టను? బతికున్నప్పుడు వద్దన్న మనిషితో, పోయాక నోరు లేదు కదా అని, అవుననిపిస్తామా?

చలపతిరావుగారూ, క్షమించండి. మొదటి వాక్యం చదువుతాను. రెండోది చదువుతాను. మూడోది చదవను. టీవీ వాళ్లు ఉన్నారు, రేపు నన్ను ఏమేమి అంటారో నాకు తెలుసు. చదవలేదని రేపటి నుంచి నాకు పని ఇవ్వకపోతే ఇవ్వకండి.

ఇంకొక్క మాట. ఇది నాచేత చెప్పించొద్దని ఎస్తేరమ్మగారిని బతిమాలుకున్నాను. ఆవిడ చెప్పమన్నారు. చెప్పకపోతే తనే మైకు తీసుకుంటానన్నారు.

ముందు వరసలో ఆవిడ పక్కన, ముఖం మీద కొంగు కప్పుకుని కూర్చున్నావిడ ఎవరని ఇందాకటి నుంచి మీలో మీరు అడుగుతున్నారు. మల్లమ్మ. ఆమె ఇంటి మీద రాళ్లు పడ్డ రోజు నుంచి ఎస్తేరమ్మగారింట్లోనే ఉంటోంది.

కూర్చోండి బాబూ. దయచేసి. ఆ వెనక నిలబడ్డవాళ్లు, మీకే చెబుతున్నాను, కూర్చోండి. మీ చేతుల బలం నాకు తెలుసు, ఆ చేతుల్ని మాస్టర్ తయారు చేశారు. నేను ముసలివాణ్ని, మీరు వస్తే అడ్డం పడటం తప్ప నాకేమీ చేతకాదు. కూర్చోండి నాయనా.

కూర్చున్నారు. మీకు దండం.

ఇప్పుడు మౌనం పాటిద్దాం. కానీ ముందు మనం లేవొద్దు. ఎస్తేరమ్మగారూ, మీరు లేవండి. మల్లమ్మా, నువ్వూ లే తల్లీ. కొంగు తియ్యమని నేను అడగను. ఎస్తేరమ్మగారి చెయ్యి వదలకు.

వాళ్లిద్దరూ నిలబడ్డారు. ఇద్దరూ ఆయన కోసమే ఏడుస్తున్నారు.

నా భయం పోలేదు. అయినా అడుగుతున్నాను. ఆ ఇద్దరి వెనకాల, ఇద్దరి వెనకాలా, నిలబడగలిగినవాళ్లందరూ లేచి నిలబడండి.