పొయ్యి పక్కన రెండో ముంత

నాసరమ్మ ఆ ఇంటికి కోడలై వచ్చి పదకొండేళ్లయినా పప్పులో ఉప్పేసి ఎరగదంట. వంట రాక కాదు. కందుల్ని దోరగా వేయించి, తిరగట్లో విసిరి, చేటలో చెరిగి, మూడు నీళ్లు కడిగి, చిటికెడు పసుపేసి కుండ పొయ్యి మీద పెట్టేది. పక్క పొయ్యి మీద అన్నానికి ఎసరు. పప్పు మెత్తబడ్డాక గుత్తితో ఎనిపేది. అంతవరకే ఆమె పని. అప్పుడు చెయ్యి కడుక్కుని పక్కకు జరిగితే అత్త అంకమ్మ వచ్చేదంట. ఉప్పు ముంతలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, అందులో కొంచెం విడిచి, మిగతాది కుండలో వేసి పోయేది. ఆ ఇళ్ల పద్ధతి అది. వండేది కోడలు, ఉప్పేసేది అత్త. అత్త తనంతట తాను ఓ రోజు కోడలి అరచేతిలో ఉప్పు పోసి, ఇంక నువ్వు వెయ్యమ్మా అనాలి. అన్నరోజు నుంచి ఇల్లు కోడలిది. అనేదాకా ఆమె ఆ ఇంట్లో వండిపెట్టే మనిషే అనుకోండి. ఇంకో సంగతి చెప్పాలి మీకు, వడ్డించకముందు నాలిక మీద పెట్టి చూడటం లేదు, ఎంగిలైపోద్ది. కాబట్టి ఉప్పంతా చేతి అంచనానే. అమ్మాయిలూ, నా మొహం చూస్తా ఆ చేటలో రాళ్లు వదిలేస్తున్నారు, చూసి ఏరండి.

అంకమ్మ చెయ్యంటే ఊరికంతా గురి. వాన వెనకబడ్డ ఏడు ఆ ఊళ్లో గుట్ట కాడ పప్పన్నం పెట్టేవాళ్లంట. ఇంటికో సోలెడు కందిపప్పు, సోలెడు బియ్యం తెచ్చి ఒక్క గంగాళంలో పప్పు, ఇంకో గంగాళంలో అన్నం వండి, ఊరంతా ఒకే పంక్తిన కూర్చుని తినాల. ఒక్క విస్తరిలో మెతుకు మిగిలినా వాన మొహం తిప్పుకుని పోద్దని వాళ్ల నమ్మకం. మరి అంత పప్పులో ఉప్పెవరు వెయ్యాల? అంకమ్మే. ముప్పై ఏళ్లుగా అంకమ్మే.

ఏమైందంటే, ఆ ఏడు శ్రీరామనవమి వెళ్లిన నాలుగో రోజు, అంకమ్మ కొడుకు పున్నయ్య అన్నంలో పప్పు కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టి ఆగిపోయాడంట. మింగలేదు, ఉమ్మలేదు. తల్లి చూసి తనూ ఓ ముద్ద తిన్నది. కటిక ఉప్పు. అంకమ్మ కోడలి వంక తిరిగి, నేనేసింది ఒక్కసారే, నా ముంతలో చెయ్యి పెట్టిందెవరు అని అడిగిందంట. నాసరమ్మ నేను కాదత్తా అన్నది. నువ్వు కాకపోతే పొయ్యి లేచొచ్చి వేసుకుందా అన్నది అంకమ్మ. ఇయ్యని ఉప్పు ముట్టిన కోడల్ని ఆ ఇళ్లల్లో పుట్టింటికి పంపేస్తారు. పుట్టింట్లో నాసరమ్మకు తల్లీ లేదు, తండ్రీ లేడు. ఉన్న ఒక్క అన్న పాలేరు పనిలో ఉన్నాడు. అంకమ్మ విస్తరి పక్కకు నెట్టి, "ఇంకొక్క రోజు ఇట్టా అయ్యిందా, బండి కట్టిస్తా" అన్నదంట. పున్నయ్య తల ఎత్తలేదు. తల్లి మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు అతను.

మర్నాడు నాసరమ్మ పప్పు ఎనిపి పక్కకు జరిగింది. అంకమ్మ వచ్చి ఉప్పేసి పోయింది. నాసరమ్మ దొడ్లో గోంగూర కోస్తా గుమ్మంలోంచి లోపలికి చూస్తానే ఉందంట. కాసేపటికి అంకమ్మ మళ్లీ వచ్చింది. కుండ మూత తీసి చూసింది. ముంతలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, అందులో కొంచెం విడిచి, మిగతాది వేసింది. అదే కొలత, అదే నెమ్మది. ఇందాక వేసిన సంగతే ఆమెకు తెలియదు. అంకమ్మకు కంట్లో పొర కమ్మింది సరే, అది ఊరందరికీ తెలుసు. మనసులో కూడా ఏదో కమ్ముతుందని ఆ పూట నాసరమ్మ ఒక్కదానికే తెలిసిందంట. మొగుడికి చెబుదామా అనుకుంది. చెబితే ఏమంటారు? ఉప్పు ముంత కోసం ముసలిదాన్ని మతిలేనిదాన్ని చేసిందంటారు. చెప్పకపోతే బండి కడతారు. ఆ రోజుకి పప్పులో రెండు చెంబుల నీళ్లు పోసి, ఇంత చింతపండు పిసికి చారు చేసేసింది. పప్పేదని అంకమ్మ అడిగితే, ఉడకలేదత్తా, చారు పెట్టానన్నది.

సాయంత్రం అదే సైజు ముంత ఇంకోటి తెచ్చి అందులో నూకలు పోసింది. బియ్యపు నూకలు, రాళ్ల ఉప్పంత ఉంటయ్ కదా. ఉప్పు చేతికి చెమ్మగా తగులుద్దని వాటి మీద నాలుగు నీళ్లు చిలకరించింది. అప్పట్నుంచీ రోజూ ఇదే పని. అత్త మొదటిసారి ఉప్పేసి అటు తిరగ్గానే ఉప్పు ముంత తీసి దాచి, నూకల ముంత ఆ చోట పెట్టేది. అంకమ్మ మళ్లీ వచ్చి గుప్పెడు నూకలు వేసి పోయేది. పప్పు కాస్త చిక్కబడేది, అంతే. చూశారా, అంతకుముందు ఏనాడూ ఆ ముంత ముట్టని మనిషి, ముట్టావని నింద పడ్డాక ముట్టింది.

మూడు నెలలు గడిచినయ్. ఆషాఢం వచ్చినా చినుకు లేదు. గుట్ట కాడ పప్పన్నం పెట్టాలన్నారు. ముంతలు రెండూ తట్టలో పెట్టి గుడ్డ కప్పి నాసరమ్మే మోసుకెళ్లింది. గంగాళంలో పప్పు ఉడికింది, నలుగురు ఆడవాళ్లు తెడ్లతో ఎనిపారు. అంకమ్మ వచ్చి పన్నెండు గుప్పిళ్ల ఉప్పు లెక్కపెట్టి వేసింది. నాసరమ్మ ముంత మార్చింది. విస్తళ్లు పరిచే వేళకి అంకమ్మ మళ్లీ లేచి గంగాళం కాడికి వచ్చిందంట. అయితే ఆ ఎండకి నూకలు ఆరిపోయినయ్. నాసరమ్మకు చిలకరించే సందు దొరకలేదు. అంకమ్మ ముంతలో చెయ్యి పెట్టి ఆగిపోయింది. వేళ్ల మధ్య నలిపింది. పొడిగా ఉంది, తేలిగ్గా ఉంది. ఉప్పు కాదు. ముంత పట్టుకున్న కోడలి మొహంలోకి చూసింది. నాసరమ్మ తల దించుకుని, ఇంక బండి కట్టినట్టే అనుకుందంట. తెడ్డు పట్టుకున్న సీతారావమ్మ, "ఏందత్తా ఆగావు, చెయ్యి మర్చిపోయావా?" అన్నది. నవ్వుతానే అన్నది. అంకమ్మ ఆమె వంక తిరగలేదు. "నా చెయ్యి సంగతి నాకు తెలుసులే. నువ్వు విస్తళ్లు కడుగు" అని, ఆ నూకలు గంగాళంలో వేసింది. ఒకటి, రెండు అని పైకే లెక్కపెడతా పన్నెండు గుప్పిళ్లూ వేసింది. ఊరంతా తిన్నది. ఒక్క విస్తరిలో మెతుకు మిగల్లేదు. వాన పడిందా అంటారా, తొమ్మిదో రోజున పడింది. పప్పన్నానికే పడిందో, పడే రోజొచ్చి పడిందో నేను చెప్పలేను.

ఇంటికొచ్చే దారిలో అంకమ్మ, ఎన్నాళ్ల నుంచి అని అడిగిందంట. మూడు నెలలత్తా అన్నది నాసరమ్మ. నేను రెండుసార్లు వేస్తున్నానా అన్నది. ఒక్కోరోజు మూడుసార్లు అన్నది. ఇల్లు చేరగానే అంకమ్మ కాళ్లు కడుక్కుని, కొడుకుని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి, కోడలి అరచెయ్యి పట్టుకుని గుప్పెడు ఉప్పు పోసింది. "ఇంక నువ్వు వెయ్యమ్మా" అన్నది. పదకొండేళ్లు ఎదురుచూసిన మాట. వేళ్ల సందుల్లోంచి నాలుగు ఉప్పు రాళ్లు కింద పడినయ్యంట. అవి ఏరుకోవటానికి వంగిన మనిషి కాసేపటిదాకా లేవలేదంట.

మర్నాడు నాసరమ్మ తన చేత్తో మొదటిసారి పప్పులో ఉప్పేసింది. మూత పెట్టి తిరిగేసరికి వెనక అత్త. "పక్కకు జరుగు, ఉప్పెయ్యాల" అన్నది. నిన్నటిదేదీ ఆమెకు లేదు, గుట్ట లేదు, దారి లేదు, ఇచ్చిన మాటా లేదు. పున్నయ్య, నిన్న ఇచ్చేశావు కదమ్మా అనబోతే నాసరమ్మ చెయ్యెత్తి ఆపింది. చెయ్యి కడుక్కుని పక్కకు జరిగి, నూకల ముంత ముందుకు పెట్టింది. పొద్దున్నే చెమ్మ చిలకరించి ఉంచిన నూకలవి.

అట్టా నాలుగేళ్లు. అంకమ్మ పోయిననాడు ఆడవాళ్లంతా, అయ్యో, కోడలికి ఉప్పు ఇయ్యకుండానే పోయిందే అనుకున్నారంట. నాసరమ్మ అవునన్లేదు, కాదన్లేదు. నాకెట్టా తెలుసంటారా? పున్నయ్య మా నాయనకు చెప్పుకున్నాడు. నేనా ఇంట్లో తిన్నాను కూడా. నాసరమ్మ ఇప్పుడు ముసలిదైపోయింది, తన కోడలికి ఉప్పు ఎప్పుడో ఇచ్చేసింది. అయినా రోజూ పప్పు దించే వేళకి వచ్చి, పొయ్యి పక్కన రెండో ముంతలో చెయ్యి పెట్టి, గుప్పెడు వేసి పోద్ది. తెలిసే వేస్తదో, తెలియక వేస్తదో. కోడలు అడగదు, నేనూ అడగలేదు. నేను తిన్ననాడు పప్పు కాస్త చిక్కగా ఉంది. ఉప్పు మాత్రం సరిపోయింది.