రోజుకి రెండు వేళ్లు

ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసు వెనక గేటు దగ్గర ఒక టీకొట్టు. ఉదయం ఏడింటికి రాత్రి షిఫ్టు వాళ్లు కళ్లు నులుముకుంటూ డ్యూటీ దిగుతారు, పగటి షిఫ్టు వాళ్లు తల దువ్వుకుంటూ ఎక్కుతారు. రెండు గుంపులూ ఒకరినొకరు గుద్దుకునే చోట పిన్ని టీ కాస్తుంది. ఆఫీసు గేటు కాపలా కాసే మామయ్య అప్పటికే బల్ల మీద సగం ఆక్రమించి, బూట్లు విప్పి కాళ్లకి గాలి పట్టిస్తున్నాడు.

మిగిలిన సగంలో ఒక కొత్తపిల్ల, ఎం.ఏ. కాగితాలు పైకి కనిపిస్తున్న సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఒకావిడ కోసం చూస్తున్నా పిన్నిగారూ. సోమవారం నుంచి నాకు రాత్రి డ్యూటీ వేశారు. పగలు పడుకోవడానికి చోటు కావాలి. ఆవిడ ఊ అంటే దొరుకుతుంది, లేకపోతే సంచి సర్దుకుని మా ఊరెళ్లిపోవడమే."

"ఆవిడ పేరేంటమ్మా?"

"తెలీదండీ."

"పోనీ, ఎలా ఉంటుంది?"

"ఎప్పుడూ చూళ్లేదండీ."

పేరు తెలియని, మొహం తెలియని మనిషిని వెతుక్కోవడానికి ఎం.ఏ. దాకా చదవాలా అని పిన్ని నోటిదాకా వచ్చింది గానీ, ఈలోగా రోడ్డుకి అవతలి నుంచే ఒక గొంతు వినిపించింది. దాని వెనకాల మనిషొచ్చింది. ఆఫీసులో రాత్రంతా కంప్యూటరు ముందు ఇళ్ల ప్లాన్లు గీస్తుంది కాబట్టి గీతలమ్మ అని పిలుస్తారు. గీతల కంటే కోతలు బాగా వచ్చని మామయ్య అభిప్రాయం.

"పిన్నీ, నాకో టీ, చక్కెర దండిగా, ఇవాళ పన్నెండు బాత్రూముల ఇల్లు గీసొచ్చాను, ఉండేది ముగ్గురు, మనిషికి నాలుగు, ఏం తింటారో ఏమో పాపం! ఎవరీ పిల్ల?"

"పగలు పడుకోవడానికి చోటు కావాలట."

"చోటు కావాలంటే నన్నడగాల్సింది పోయి పిన్నినడుగుతావేంటే పిల్లా? పిన్నికి పాలపాకెట్లు పెట్టుకోవడానికే చోటు లేదు. జరుగు మామయ్యా, నీ బూట్లు కూడా జరుపు, వాటికి వేరే ఊరు చూడు. ఇదిగో, ఉన్నమాట చెప్తా. నేనీ ఊళ్లో దిగినప్పుడు నాదీ నీ పరిస్థితే. ఇళ్లు కట్టే చదువు అయిదేళ్లు చదివి, రెండు పతకాలు, ఒక ట్రంకుపెట్టె పట్టుకుని దిగాను. చూసిన ప్రతి ఇంటికీ ఏదో ఒకటి తక్కువ. ఒకదానికి గది ఉంది, కిటికీ లేదు. ఇంకోదానికి కిటికీ ఉంది, గది లేదు. ఒకాయన మెట్ల కింద బీరువా చూపించి ఇదే సింగిల్ రూము అన్నాడు. సరే కానీమ్మని తలుపు తీస్తే లోపల టై కట్టుకున్న కుర్రాయన నిలబడి, 'నేను అద్దెకున్నానండీ, కాస్త తలుపు వేసి వెళ్తారా, గాలి వస్తోంది' అన్నాడు."

"గాలి రావడం మంచిదే కదా!" అన్నాడు మామయ్య.

"గాలికి వేరే అద్దెట మామయ్యా. సరే, తిరగ్గా తిరగ్గా నాకో గది దొరికింది. చిన్నదే. అబద్ధం దేనికి? మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకునేది, నేను పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి లోపలికి దూరేదాన్ని. ఇంకొకరైతే ఏడ్చేవాళ్లు. నేను ఏడుస్తానా? రాత్రంతా ఆఫీసులో గోడల్ని పట్టుకుని అటూ ఇటూ జరిపేదాన్ని, నా గోడ నేను జరుపుకోలేనా? మంచం మీద పడుకుని, రెండు కాళ్లూ గోడకి ఆనించి, ఒక్క తోపు తోశాను. రెండు వేళ్ల వెడల్పు జరిగింది."

"గోడే?"

"గోడే. సున్నం కూడా రాల్లేదు."

"పాత గోడేమోలే," అంది పిన్ని, టీ అందిస్తూ.

"ఆ, పాతది కాబట్టే మాట విన్నది. రోజుకి రెండు వేళ్లు, అంతకి మించి తొయ్యలేదు. ఒక్కసారే తోస్తే ఇంటావిడకి తెలిసిపోదూ? వారం తిరిగేసరికి తలుపు పూర్తిగా తెరుచుకుంది. నెలకి కుర్చీ పట్టింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడో నెలలో వంటగది పుట్టింది."

"వంటగది పుట్టడమేంటమ్మాయ్?"

"ఖాళీ జాగా ఊరికే కూర్చుంటుందా మామయ్యా, నీలాగా? ఒకరోజు లేచి చూస్తే మూలన గోడ పొగచూరి ఉంది. ఓహో, ఇది వంటగది కాబోలు అనుకుని స్టవ్వు తెచ్చి పెట్టాను."

"అది సరే. నువ్వు తోస్తుంటే అవతల గదిలో వాళ్లు ఊరుకున్నారా?"

"అవతల ఉండేది ఒక్కాయన. గది చిన్నదవుతోందని ఆయనకి తట్టలేదు, తనే లావైపోతున్నాననుకుని రాత్రి తిండి మానేశాడు. మొన్న మెట్ల మీద ఎదురైతే సగమయ్యాడు! 'ఇప్పుడు గది సరిపోతోందమ్మా, ఒంట్లో కూడా తేలిగ్గా ఉంది' అన్నాడు. చూశావా, తొయ్యడంలో కూడా పరోపకారం ఉంది."

కొత్తపిల్ల సంచి పక్కన పెట్టి ఇటు తిరిగి కూర్చుంది. వినేవాళ్లు తిరిగి కూర్చుంటే గీతలమ్మకి రెక్కలొస్తాయి.

"ఇక హాలంటావా, ఈ చివర తుమ్మితే ఆ చివర వినపడేసరికి జలుబు తగ్గిపోయి ఉంటుంది. వంటింట్లో టీ పెట్టుకుని హాల్లోకి తెచ్చేసరికి చల్లారిపోతోందని దారిలో రెండు చోట్ల స్టవ్వులు పెట్టించాను. గడియారాలు కూడా వేరు. వంటింట్లో ఏడైతే పడకగదిలో ఇంకా ఆరున్నరే, అంచేత నేను నడిచి వెళ్లి పడుకుంటే రోజూ అరగంట నిద్ర మిగులుతుంది. ఇంటావిడ చూడ్డానికొచ్చింది. మూడో నడవలో కుడివైపు తిరగమ్మా అంటే ఎడమవైపు తిరిగింది, మనిషి కనపడితే ఒట్టు! అయిదో రోజున పుస్తకాల గదిలో దొరికింది, హాయిగా చదువుకుంటోంది. 'ఇంత ప్రశాంతంగా నా బతుకులో ఎప్పుడూ లేదే అమ్మాయ్, ఈ మూల నాకు అద్దెకిస్తావా?' అంది. ఇంటి యజమానురాలు! నన్నడిగింది!"

"ఇచ్చావా?"

"అడ్వాన్సు అడిగాను, మొహం ముడుచుకుంది. వాళ్లకి అడగడమే తెలుసు, ఇవ్వడం తెలీదు."

పిన్ని నవ్వాపుకోలేక గరిటె కింద పడేసింది. నెలనెలా అద్దె కట్టే నలుగురైదుగురి చేతులు బల్ల చుట్టూ గ్లాసులతో ఆగిపోయాయి.

"బాత్రూము సంగతి చెప్పనేలేదు కదూ! ఆ వెధవ పన్నెండు బాత్రూములూ నా ఒక్కదాంట్లో మునిగిపోతాయి. ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు కనపడదు. అలలు! సబ్బు జారిపోతే పడవ మీద వెళ్లి తెచ్చుకోవాలి. బకెట్టు వదిలితే తెల్లారేసరికి కొట్టుకుంటూ ఆ ఒడ్డుకి చేరుతుంది, ఆకుపచ్చది కాబట్టి కనిపెట్టగలుగుతున్నాను."

"బకెట్టు ఆకుపచ్చదా అక్కా?" అంది కొత్తపిల్ల.

"ఆకుపచ్చే."

"పిడి ఉందా?"

"తుపాన్లో ఊడిపోయింది. దాని బదులు ఎర్ర వైరు కట్టి ఉంటుంది. అన్నీ అడుగుతావే, బకెట్టు కొంటావా ఏంటి?"

"ఊరికే. మరి మంచం?"

"మంచమా! అది మంచం కాదు పిల్లా, ఒక జిల్లా. కుడివైపు మైదానం, ఎడమవైపు లోయ. పొరపాటున లోయలోకి దొర్లామా, పైకి రావడానికి నిచ్చెన కావాలి."

"లోయ ఎడమవైపేనా?"

"ఎడమవైపే. భూకంపానికి పడింది."

"అవునక్కా, లోతుగానే ఉంటుంది," అంది కొత్తపిల్ల, చాలా గౌరవంగా.

ఆ గౌరవం గీతలమ్మ తలకెక్కింది. గ్లాసు బల్ల మీద పెట్టి లేచి నిలబడింది.

"ఒక్కదానివే ఏంటి, ఈ ఊళ్లో డిగ్రీ కాగితాలు చంకన పెట్టుకుని గది కోసం తిరిగేవాళ్లందర్నీ తీసుకురా! ఆ కాగితాలు తగిలించుకోవడానికి తలో గోడా ఇస్తాను. నాలుగో అంతస్తు మీద విమానాలు దిగుతామంటున్నాయి, వద్దన్నాను, పగలు పడుకునేవాళ్లుంటారు కదా. పడకగది నుంచి వంటింటికి బస్సు వేస్తామని బస్సులవాళ్లు తిరుగుతున్నారు, కిటికీ సీటు నాకు ఖాయం చేస్తేనే అన్నాను. సోమవారం వచ్చెయ్ పిల్లా! ఉత్తరం వైపు పద్దెనిమిది గదులు ఖాళీగా పడున్నాయి, దుమ్ము దులుపుకోవడమే నీ పని."

"మాటిచ్చినట్టేనా అక్కా?"

"గీతలమ్మ మాటంటే గోడ!"

"జరిగే గోడా, నిలబడే గోడా?" అన్నాడు మామయ్య.

కొత్తపిల్ల కూడా లేచి నిలబడింది.

"బకెట్టుకి ఆ ఎర్ర వైరు కట్టింది నేనక్కా."

పొయ్యి మీద పాలు పొంగాయి. పిన్ని చూసుకోలేదు.

"లోయ మనిద్దరిదీను. రాత్రి నాది, పగలు నీది. ఆరున్నరకి నేను లేచి వెళ్లిపోతే ఏడున్నరకి నువ్వొచ్చి పడుకుంటావు. మధ్యలో గంట దుప్పటి ఆరాలని ఇంటావిడ రూలు. నాలుగు నెలల నుంచి ఒకే మంచం మీద పడుకుంటున్నాం, మొహాలు చూసుకోవడం ఇదే మొదటిసారి. నువ్వెవరో చెప్పమని నిన్న ఇంటావిడని అడిగాను. 'ఏడింటికి టీకొట్టు దగ్గర కూర్చో, ఎవరి గొంతు రోడ్డుకి అవతలి నుంచి వినిపిస్తుందో ఆవిడే' అంది."

మామయ్యకి టీ ముక్కులోకి వెళ్లింది. దగ్గుతూనే నవ్వాడు, నవ్వుతూనే బూటు కోసం వెతుక్కున్నాడు. గ్లాసులు పట్టుకున్నవాళ్లంతా ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయారు.

"పద్దెనిమిది గదుల మహారాణీ," అంది పిన్ని, "బకెట్టుకి వైరు కూడా నీది కాదుటే!"

గీతలమ్మ ఖాళీ గ్లాసు ఎత్తి తాగబోయింది. ఆ టీకొట్టు పెట్టిన తర్వాత ఆమె గొంతు రోడ్డు దాటకపోవడం అదే మొదలు.

కొత్తపిల్ల సంచిలోంచి ఒక అగ్గిపెట్టె తీసి ఆమె చేతిలో పెట్టింది. "నీ జడపిన్నులు. దిండు కింద రోజూ ఒకటో రెండో దొరికేవి. దాచాను." ఆ తర్వాత గొంతు తగ్గించింది. "సోమవారం నుంచి ఇద్దరం పగలే పడుకోవాలక్కా. పగలు మంచం నీది, నువ్వు ఒప్పుకుంటే నేనుండొచ్చు, లేకపోతే శనివారం ఖాళీ చెయ్యమంది ఇంటావిడ. ఊరంతా తిరిగాను. ఆ మెట్ల కింద బీరువా కూడా చూశాను. ఆయన ఇంకా అందులోనే ఉన్నాడు. టై మార్చాడు."

గీతలమ్మ తలెత్తి ఆ పిల్లని పైనుంచి కిందకి చూసింది. అగ్గిపెట్టె తెరిచింది, మూసింది.

"గురక పెడతావా?"

"నేను పెట్టను. నువ్వు పెడతావని ఇంటావిడ చెప్పింది."

"అవి అలలు," అంది గీతలమ్మ వెంటనే. గొంతు మళ్లీ రోడ్డు దాటింది. "పిన్నీ, మా చెల్లికి ఒక టీ, నా లెక్కలో! మామయ్యా, నవ్వింది చాలు, బూట్లు తొడుక్కో. ఇదిగో చెల్లీ, గోడవైపు నువ్వు పడుకో. లోయలోకి ఎవరు ముందు దొర్లితే రెండోవాళ్లు చెయ్యి అందించాలి. కాళ్లు మాత్రం ఖాళీగా పెట్టకు. ఇన్నాళ్లూ రెండు కాళ్లకి రోజుకి రెండు వేళ్లు జరిగింది, ఇకనుంచి నాలుగు కాళ్లు, నాలుగు వేళ్లు జరగాలి!"

కొత్తపిల్ల టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఊదుకుంటూ తలూపింది.

"తోస్తానక్కా, తోస్తా. కానీ పక్కగదిలో ఉండేది ఒక్కాయన కాదు, ముగ్గురు నర్సులు. నువ్వు డ్యూటీకి వెళ్లగానే ఆరు కాళ్లూ ఆనించి ఇటే తోస్తున్నారు."