కదలని ముల్లు

కెటిల్ కనుమ ఎక్కాల్సిన బండి ఏదైనా సరే, కింద పైన్ చెట్ల క్యాంపులో ఒక పూట ఆగి, పొద్దున కాఫీ బల్ల దగ్గర అందరి సలహాలూ విని గానీ కదలదు. వయొమింగ్‌లో ఆ దారిన పోయేవాళ్ళకు అదొక అలవాటు. అక్కడ అడిగినా చెబుతారు, అడగకపోయినా చెబుతారు. ఆ సెప్టెంబరు పొద్దున కదలాల్సిన బండి మేవిస్ థార్ప్‌ది.

మేవిస్‌కు అరవై మూడేళ్ళు. భర్త డ్వేన్ మార్చిలో పోయాడు. ఆమె ఇల్లు అమ్మేసి ఇరవై ఆరడుగుల క్యాంపర్ ట్రైలర్‌నే ఇల్లు చేసుకుంది. కొండకు అవతలి ఊళ్ళో చలికాలానికి చోటు మాట్లాడుకుంది. ముందు పికప్పు, వెనక ఇల్లు, ఇక ఆమెకున్నదంతా అదే. ఎక్కుతుండగా పికప్పు గేరుబాక్సు మాడిపోయిందంటే ఇల్లు కొండ మీదే ఉండిపోతుంది. ఇంకో గేరుబాక్సు వేయించే తాహతు ఆమెకు లేదు.

పందొమ్మిదేళ్ళు డ్వేన్ నడిపాడు, ఆమె పక్కన కూర్చుని అంకెలు చదివింది. స్టీరింగ్ కింద గుచ్చి పెట్టే చిన్న మీటరు ఒకటుంది. గేరుబాక్సులో నూనె ఎంత వేడెక్కిందో అది ఫారెన్‌హీట్ అంకెల్లో చూపిస్తుంది. రెండొందల లోపు ఉంటే కబుర్లు చెప్పుకోవచ్చు. రెండొందల ఇరవై దాటితే పక్కకు తీసి, చల్లారేదాకా ఆగాలి. ఆగకుండా మొండికేస్తే నూనె మాడి గేరుబాక్సును తినేస్తుంది. ఆమె మైలుకోసారి చదివేది, అతను "ఊఁ" అనేవాడు. కాపురమంతా దాదాపు ఆ అంకెల మీదే నడిచింది. ఇప్పుడు ఒక్కతే మలుపులు చూడాలా, అంకెలు చూడాలా? వారం రోజులుగా ఆమెకు అదే బెంగ.

అందుకే మీటరు ఊడదీసి తెచ్చి, కాఫీ కప్పు పక్కన పెట్టి, ఉన్న సంగతి చెప్పి సలహా అడిగింది.

జవాబు చెప్పింది హాలిస్ గ్రబ్. క్యాంపు బాగోగులు చూసే మనిషి, డెబ్బై ఒకటి దాటాడు. ఎన్ని కోతలు కోసినా ముఖంలో నవ్వనేది ఉండదు. చావు దగ్గర ప్రార్థన చదివేవాడిలా నెమ్మదిగా, బరువుగా మాట్లాడతాడు. కొత్తవాళ్ళు సగందాకా నమ్మేది అందుకే.

"ఇది సొరుగులో పడెయ్ చెల్లెమ్మా," అని మీటరును వేలితో పక్కకు నెట్టాడు. "మనిషిని భయపెట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు. డాష్‌బోర్డు మీద కంపెనీవాళ్ళు పెట్టిన వేడి చూపే ముల్లు ఉందిగా, అది చాలు. అదొక్కటే చూసుకుంటూ నేను ఈ కనుమ ఎక్కాను. ఏడు వేల పౌండ్ల ట్రైలర్, జులై ఎండ, పదకొండు మైళ్ళ ఎక్కుడు. నాలుగో మైలుకొచ్చేసరికి దారి పక్కన బండ్లన్నీ బానెట్లు ఎత్తుకుని దండం పెడుతున్నట్టు నిలబడి ఉన్నాయి. నేను కిటికీలోంచి చెయ్యి ఊపుకుంటూ పోతున్నా. ఒక గేరు దించింది లేదు. ముల్లు సరిగ్గా మధ్యలో."

"ఇంతవరకూ నమ్మొచ్చు," అన్నాడు అర్విడ్ స్కోగెన్. ఏటా చేపలు పట్టడానికి వచ్చే డకోటా గోధుమ రైతు. హాలిస్ కథలు అతనికి కంఠతా వచ్చు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఐదో మైలు దగ్గర ఒక గుర్రాలాయన చేతులెత్తేసి కూర్చున్నాడు. బండిలో ఆరు గుర్రాలు. మనిషన్నాక చూస్తూ పోలేం కదా, ఆ బండిని నా ట్రైలర్ వెనక గొలుసేసి కట్టాను. ముల్లు మధ్యలోనే."

"గుర్రాల్ని దిగి నడవమనలేకపోయావా?"

"అడిగాను అర్విడ్. దిగం అన్నాయి. వాటి మర్యాద వాటిది. సరే, ఏడో మైలు దగ్గర చర్చి పాటలవాళ్ళ బస్సు. ముప్పై రెండు మంది, అప్పుడే భోజనాలయి బరువుగా ఉన్నారు. దాన్నీ కట్టాను. అప్పటికి నా తల ఒక మలుపులో ఉంటే తోక వెనకటి మలుపులో ఉంది. ఎదురుగా ఏదో పెద్ద బండి వస్తోందని బ్రేకు తొక్కాను, తీరా చూస్తే నా వెనక కట్టిన బస్సే. డ్రైవరు నాకు చెయ్యి ఊపాడు, నేనూ ఊపాను."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు కప్పుల్లోకి చూసుకుంటూ నవ్వు ఆపుకుంటున్నారు. మేవిస్ నవ్వలేదు. బస్సు సంగతి ఆమె నమ్మలేదు గానీ ముల్లు సంగతి నమ్మాలని ఉంది. నమ్మితే అంకెలు చదవక్కర్లేదు. పక్క సీటు ఖాళీగా ఉందని మైలుకోసారి గుర్తు చేసుకోనక్కర్లేదు. మీటరు తీసి సంచిలో వేసుకోబోయింది కూడా.

"ఇక తొమ్మిదో మైలు," అన్నాడు హాలిస్, గొంతు ఇంకా తగ్గించి. "కాళ్ళ దగ్గర చల్లగా తగులుతోంది. ఇదేమిటని దిగి చూస్తే గేరుబాక్సు కింద మంచుగడ్డలు వేలాడుతున్నాయి. జులైలో. పైకెళ్ళాక వాటిని విరగ్గొట్టి ముప్పై రెండు మందికీ చల్లటి టీ పోశాను, గుర్రాలకు కూడా. రోడ్ల శాఖ ఇంజనీరు ఒకాయన నమ్మక, కొలుస్తానని కిందకు దూరాడు. పాపం, జలుబు చేసి మూడు రోజులు మంచం దిగలేదు."

"అప్పుడు ముల్లు?" అంది మేవిస్.

"మధ్యలోనే చెల్లెమ్మా."

"మంచు కట్టినప్పుడు కూడానా?"

హాలిస్ కప్పు ఎత్తబోయి ఆగాడు. "మధ్యలోనే."

"గుర్రాల్ని కట్టకముందు మధ్యలోనే, కట్టాకా మధ్యలోనే, గడ్డ కట్టినా మధ్యలోనే. మరి అది దేన్ని చూపిస్తున్నట్టండీ?"

మేవిస్‌కు యూటాలో ఒక ఎక్కుడు గుర్తొచ్చింది. డాష్‌బోర్డు ముల్లు హాయిగా మధ్యలో నిద్రపోతోంది, ఆమె చేతిలో మీటరు రెండొందల ముప్పై నాలుగు చూపిస్తోంది. 'ఆ ముల్లు మనల్ని జోకొట్టడానికి పెట్టారే' అని డ్వేన్ బండి పక్కకు తీశాడు. ఆ మాట ఎలా మరిచిపోయిందో ఆమెకే తెలియలేదు.

ఆమె లేచి, ఒక కాగితపు రుమాలు తీసుకుని, పది అడుగుల అవతల ఉన్న హాలిస్ పికప్పు దగ్గరకు నడిచింది. దాని వైపర్ల మీద పైన్ ఆకులు జానెడు మందాన పేరుకుని ఉన్నాయి. టైర్ల చుట్టూ గడ్డి మొలిచింది. బానెట్ ఎత్తి, గేరుబాక్సు నూనె కొలిచే పుల్ల బయటకు లాగి, రుమాలుకు తుడిచింది. ఆ నూనె చెర్రీ రసంలా ఎర్రగా ఉండాలి. రుమాలు మీద నల్ల కాఫీ ఒలికినట్టుంది. మాడిన రొట్టె వాసన. తీసుకొచ్చి బల్ల మీద మీటరు పక్కన పెట్టింది.

"నేను ఇల్లు వెనక కట్టుకుని పోతున్నాను హాలిస్," అంది. "మీ మాట విని ఈ మీటరు సంచిలో వేసుకునేదాన్ని."

హాలిస్ ఆ రుమాలును తన ముందుకు లాక్కున్నాడు.

"ముల్లు మాట అబద్ధం కాదు మేవిస్," అన్నాడు చివరికి. 'చెల్లెమ్మా' అనలేదు. "మధ్యలోనే ఉంది. పొగ వచ్చినప్పుడు కూడా మధ్యలోనే ఉంది. ఆరో మైలు దగ్గర. గుర్రాలూ లేవు, బస్సూ లేదు, నేనొక్కణ్ణే. వెనక్కి లాక్కొచ్చి ఇక్కడ పడేశారు. నాలుగేళ్ళయింది."

క్యాంపు బాగోగులు చూడటం ఆయన కోరుకున్న ఉద్యోగం కాదని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. మేవిస్ మీటరు చేతిలోకి తీసుకుంది.

"అంకెలు చదవగలరా?"

"చదవకేం."

"ఉన్నది ఉన్నట్టు. ఒక్కటి కలపకూడదు."

హాలిస్ వెంటనే ఒప్పుకోలేదు. అంత తేలికైన పని కాదని ఆయనకు తెలుసు.

"వెళ్ళవయ్యా," అన్నాడు అర్విడ్. "నేను నా బండిలో వెనకే వచ్చి, కనుమ దాటాక నిన్ను ఇక్కడికి తీసుకొస్తా. ఎలాగూ రావాలి, లేకపోతే దారిలో ఆమె బండికి ఇంకో బస్సు తగిలిస్తావు."

అలా కదిలారు. హాలిస్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, మీటరు మీద నుంచి కళ్ళు తిప్పకుండా మైలుకోసారి చదివాడు. నూట ఎనభై నాలుగు. నూట తొంభై ఒకటి. రెండొందల రెండు. ప్రతి అంకెకూ మేవిస్ "ఊఁ" అంది. ఆ "ఊఁ" డ్వేన్‌ది. ఇన్నాళ్ళూ అది ఎంత పని చేసిందో ఆమెకు అప్పుడు తెలిసింది.

ఆరో మైలు మలుపులో దారికి కుడిపక్కన ఖాళీ జాగా కనబడింది. హాలిస్ దాన్ని చూశాడు, మళ్ళీ మీటరు వైపు తిరిగాడు. డాష్‌బోర్డు మీద ముల్లు మధ్యలోనే ఉంది.

"రెండొందల ఇరవై ఒకటి," అన్నాడు.

మేవిస్ కుడివైపు ఇండికేటర్ వేసింది.